పగడాల్లోని బుల్లి రొయ్య ఏ జాతి?

ప్రశ్న: మా ఉప్పునీటి అక్వేరియంలో పగడం కొమ్మల మధ్య సెంటీమీటరు రొయ్య ఒకటి కనిపించింది. రంగును బట్టి పేరు చెప్పొచ్చా?
– ఒక పాఠకుడు, మెహిదీపట్నం, హైదరాబాద్

జవాబు: రంగును నమ్మకండి, కాళ్లు చూడండి. మొదటి జత కాళ్ల చివరి డెక్కల్లో (పట్టుకునే కొనల్లో) ఒకటి బాగా లావై, కళ్లను పెంకు కప్పేస్తే ఆల్ఫియిడే కుటుంబం. టప్పుమని చప్పుడు చేసేవి ఇవే. రెండో జత పెద్దదై, డెక్కకు వెనకున్న ముక్క కణుపుల్లేకుండా ఉంటే బహుశా పాలిమోనిడే కుటుంబం. ఆ ముక్క కణుపులు కణుపులుగా ఉండి, రొయ్య తోక పైకెత్తి ఊపుతుంటే థార్ అనే ప్రజాతి కావచ్చు. మూడో జత పెద్దదా? స్టెనోపస్ ప్రజాతి వైపు వెతకండి.

జాతి దాకా వెళ్లాలంటే తల ముందరి ముల్లుకు పైనా కిందా ఉన్న పళ్లు లెక్కపెట్టాలి. దానికి చేతి లెన్స్ చాలదు, స్టీరియో మైక్రోస్కోప్ కావాలి. చనిపోతే 70 శాతం ఇథనాల్‌లో వేయండి. అందులో రంగు వెలిసిపోతుంది, ఫొటో ముందే తీయాలి. ఊడిన డెక్కలనూ అదే సీసాలో ఉంచండి, అవి లేకుంటే గుర్తింపు సగంలోనే ఆగిపోతుంది. ఏ పగడం మీద దొరికిందో చీటీ రాసి పెట్టండి.