అమ్మ కర్మలకు వసూలైన డబ్బులో అన్నకు వాటా ఉంటుందా?

ప్రశ్న: మాది తిరుపతి. నాన్న ముందే పోయారు. గోవిందరాజస్వామి గుడి దగ్గర పూలు కట్టి అమ్మే అమ్మ, 53 ఏళ్లకే, రెండు వారాలు ఆసుపత్రిలో ఉండి చనిపోయింది. బిల్లు 90 వేలు. నా గొలుసు కుదువ పెట్టి 70 వేలు కట్టాను. బాకీ కడితేగానీ శవాన్ని ఇవ్వమన్నారని అమ్మ ఏటీఎం కార్డుతో 20 వేలు తీసి కట్టేశాను. దహనానికి, ఉత్తరక్రియలకు అమ్మతో పూలు కట్టే ఆడవాళ్లు, వీధివాళ్లు కలిసి నా ఫోన్‌పేకి 64 వేలు వేశారు. 52 వేలు ఖర్చయింది. మిగిలిన 12 వేలతో అమ్మ సంవత్సరీకానికి అన్నదానం చేయాలని ఉంది. చిత్తూరులో ఉండే అన్న రూపాయి పెట్టలేదు. ఇప్పుడు వసూలైన దాంట్లో సగం ఇమ్మంటున్నాడు. అమ్మ పోయేనాటికి ఖాతాలో 2 లక్షల 40 వేలు ఉంది, నామినీ తనే కాబట్టి అదంతా తనదేనట. ఏటీఎం విషయంలో కేసు పెడతానని బెదిరిస్తున్నాడు.

జవాబు: కేసు అన్న మాటకే మీకు ఎక్కువ టెన్షన్ పట్టుకున్నట్టుంది, అక్కడే మొదలుపెడతానమ్మా. ఖాతాదారు చనిపోయాక ఆ కార్డు వాడకూడదు, పిన్ అమ్మే చెప్పి ఉన్నా సరే. అది పొరపాటే. కానీ చనిపోయినవాళ్ల సొత్తు కాజేయడాన్ని నేరంగా చెప్పే భారతీయ న్యాయ సంహిత 315వ సెక్షన్ కింద దురుద్దేశం రుజువు కావాలి. తీసిన డబ్బు తీసినట్టే ఆసుపత్రిలో కట్టి రసీదు తీసుకున్న కూతురికి దురుద్దేశం అంటగట్టడం అంత తేలిక కాదు. ఆ రసీదు, బ్యాంకు స్టేట్‌మెంటు కలిపి దాచుకోండి, కార్డు ఇక ముట్టుకోకండి, అమ్మ చనిపోయిన సంగతి బ్యాంకుకు రాసిచ్చి ఎకనాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. అసలు బాకీ ఉందని శవాన్ని ఆపడమే తప్పు, జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో ఇది స్పష్టంగా ఉంది. ఆ సమయంలో మీకు ఇవన్నీ ఎక్కడ గుర్తొస్తాయి, చదివే మిగతావాళ్లన్నా గుర్తుపెట్టుకోవాలని రాస్తున్నాను.

ఇక ఆ 64 వేలు. వారసులకు వచ్చేది అమ్మ కన్నుమూసేనాటికి ఆమెదిగా ఉన్న ఆస్తి. ఈ డబ్బు ఆమె పోయాక, ఆమె మీద అభిమానంతో, ఒక పని కోసం మీ చేతికి వచ్చింది. ఇందులో మీ అన్నకు సగం కాదు కదా, పైసా వాటా లేదు. అయితే మిగిలిన 12 వేలు మీ సొంతమని కూడా అనుకోకండి. వాళ్లు కర్మలకని ఇచ్చారు. ఎవరు ఎంత వేశారు, దేనికి ఎంతయింది, ఎంత మిగిలింది అని ఒక కాగితం మీద రాసి వాళ్లందరికీ పంపి, సంవత్సరీకానికి అన్నదానం చేస్తానని చెప్పండి. వద్దన్నవాళ్లకు వాళ్ల భాగం తిరిగి ఇచ్చేయండి. పూలు కట్టి బతికే ఆడవాళ్లు తమ కడుపు కట్టుకుని ఇచ్చిన డబ్బు అది, వాళ్లకు లెక్క తెలియాలి. బంధువులు కానివాళ్ల నుంచి ఏడాదిలో వచ్చిన మొత్తం 50 వేలు దాటితే ఆదాయపన్ను లెక్కలోకి రావచ్చు, మీ మొత్తం ఆదాయం పరిమితిలోపే ఉంటే కట్టాల్సిందేమీ ఉండదు.

నామినీ విషయంలో మీ అన్నలాగే చాలామంది పొరబడుతున్నారు. నామినీ అంటే బ్యాంకు నుంచి డబ్బు అందుకునే మనిషి, అంతే. బ్యాంకు డిపాజిట్లకు నామినీ యజమాని కాడని సుప్రీంకోర్టు 2010లో రామ్ చందర్ తల్వార్ కేసులో తేల్చింది. అమ్మ వీలునామా రాయలేదనుకుంటే, 1956 హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం కొడుకు, కూతురు సమానం. మీకు పెళ్లయిందా లేదా అన్నదానితో పనే లేదు.

పంచేముందు ఇంకొకటి ఉంది. 1925 భారత వారసత్వ చట్టం 320వ సెక్షన్ ప్రకారం, చనిపోయినవాళ్ల స్థాయికి తగిన అంత్యక్రియల ఖర్చు, చివరి రోజుల వైద్యం ఖర్చు వాళ్ల ఆస్తిలోంచి అన్ని అప్పులకన్నా ముందు తీర్చాలి. అంటే 2 లక్షల 40 వేలలోంచి ఆసుపత్రి 90 వేలు తీసేస్తే 1 లక్షా 50 వేలు, చెరో 75 వేలు. గొలుసు మీద తెచ్చిన 70 వేలు కలిపి మీకు 1 లక్షా 45 వేలు రావాలి. కర్మలకైన 52 వేలు మాత్రం అడగొద్దు, అది మీ జేబులోంచి పోలేదు. ఆ ఒక్కటి కలిపితే మిగతా లెక్క మీద కూడా అనుమానం వస్తుంది.

అమ్మ పాస్‌బుక్ ఒకసారి తిరగేయండి. ఏటా మే నెలాఖరులో 436 రూపాయలు కోత కనబడితే అది జీవన్ జ్యోతి బీమా, 2 లక్షలు వస్తుంది. 50 ఏళ్లలోపు చేరి ఉంటే 55 దాకా వర్తిస్తుంది. మరణ ధ్రువపత్రం ఇంకా తీసుకోకపోతే ముందు అది తీసుకోండి, 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే రుసుము ఉండదు.

ఆలస్యం చేయొద్దు. కోర్టు ఉత్తర్వు లేకపోతే బ్యాంకు నామినీకి డబ్బు ఇచ్చేస్తుంది. ఈ లెక్కంతా రాసి అన్నకు స్పీడ్ పోస్టులో పంపండి. పదిహేను రోజుల్లో దారికి రాకపోతే తిరుపతి కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. మీ అన్నను పిలిపించి కూర్చోబెట్టి మాట్లాడతారు కూడా. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే దానికి కోర్టు డిక్రీకి ఉన్నంత విలువ ఉంటుంది. వెళ్లేటప్పుడు గొలుసు కుదువ పెట్టిన రసీదు మర్చిపోకండి, మీ చేతిలో ఉన్న గట్టి సాక్ష్యం అదే.