కొత్త ఆఫీసు మీటింగుల్లో నోరు పెగలడం లేదు, ఏం చేయాలి?

"పదేళ్ల అనుభవం ఉంది. కొత్త కంపెనీలో చేరి నెల కూడా కాలేదు. మీటింగ్‌లో అందరూ నాకన్నా తెలివైనవాళ్లలా కనిపిస్తున్నారు. నన్ను పొరపాటున తీసుకున్నారేమో అనిపిస్తోంది. ఆత్మవిశ్వాసం పెంచుకోవడం ఎలా?" అని అడిగారు.

నా మాట నమ్మండి, మీకు తెలియనిది పని కాదు. ఆ చోట వాడే మాటలు తెలియవు, అంతే. పదేళ్లు చేసిన పనిని నెల రోజుల్లో ఎవరూ మర్చిపోరు. కానీ చుట్టూ వినపడే మాటల్లో సగం అర్థం కాకపోతే, మనకు అసలు ఏమీ రాదేమోనన్న భయం పట్టుకుంటుంది. ఇది నేను అనుభవించాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఏడేళ్లు ఒక చిన్న గోడౌన్‌లో స్టోర్స్ చూశాను. సరుకు దింపించుకోవడం, లెక్కపెట్టడం, రిజిస్టర్‌లో ఎక్కించడం, ఎవరికి ఎంత ఇచ్చామో రాసుకోవడం అన్నీ నేనే. ఏ అరలో ఏముందో చూడకుండానే చెప్పేదాన్ని. అక్కడి నుంచి ఒక పెద్ద తయారీ కంపెనీ స్టోర్స్ విభాగంలో చేరాను. మూడో రోజు పొద్దున్నే ప్రొడక్షన్ మీటింగ్‌కి రమ్మన్నారు. పద్నాలుగు మంది ఉన్నారు. ఒకరు "బామ్ ఇంకా రిలీజ్ కాలేదు" అంటారు, ఇంకొకరు "జీఆర్ఎన్ పెండింగ్" అంటారు, మరొకరు "విప్ బాగా పెరిగిపోయింది" అంటారు. వినపడింది వినపడినట్టు తెలుగులో రాసుకుంటూ కూర్చున్నాను. అరచేతులు చెమట పట్టి కాగితం అంటుకుంటోంది.

తర్వాత తెలిసిందేమిటంటే, జీఆర్ఎన్ అంటే సరుకు లోపలికి వచ్చినప్పుడల్లా ఏడేళ్లుగా నా చేత్తో నేను రాసిన ఇన్‌వర్డ్ స్లిప్పే. విప్ అంటే సగం తయారై లైన్ మీద ఉన్న సరుకు. బామ్ అంటే ఒక వస్తువు తయారు కావడానికి ఏమేం, ఎంతెంత కావాలో రాసిన పట్టీ. ఇవన్నీ నాకు వచ్చిన పనులే. పేర్లే వేరు.

ఆ రోజు అసలు గొడవ ప్యాకింగ్ ఫిల్మ్ గురించి. సిస్టమ్‌లో పది వేల మీటర్లు ఉన్నట్టు చూపిస్తోంది. లైన్ దగ్గర చూస్తే రెండు వేల మీటర్లు తక్కువ పడుతోంది. "ఎంట్రీ వేయకుండా ఎవరో తీసుకెళ్లారు" అని ఒకరన్నారు. రాత్రి షిఫ్ట్ హెల్పర్ల మీదకి మాట వెళ్లింది.

నాకు వెంటనే ఒక విషయం తట్టింది. ఫిల్మ్ కేజీల్లో కొంటారు, లైన్‌కి మీటర్లలో ఇస్తారు. ముందు రోజు రోల్స్ సర్దుతుంటే కొత్తవి చేతికి కాస్త బిరుసుగా తగిలాయి. లేబుల్ మీద మందం 25 మైక్రాన్లు అని ఉంది. సిస్టమ్‌లో ఆ ఫిల్మ్ పేరు పక్కన 20 అని ఉంది. వెడల్పు అదే, బరువు అదే అయినప్పుడు మందం పెరిగితే పొడవు తగ్గుతుంది కదా. 20 నుంచి 25కి పెరిగితే, వంద మీటర్లు రావాల్సిన చోట ఎనభై వస్తాయి. పది వేలకు ఎనిమిది వేలు. తగ్గిన రెండు వేలూ లెక్కకి సరిగ్గా సరిపోయాయి. ఆ రెండు వేల మీటర్లు ఎవరూ తీసుకెళ్లలేదు, అసలు గేటు లోపలికే రాలేదు.

నోటు పుస్తకం మూల మీద ఈ లెక్కంతా వేశాను. కానీ చెప్పలేదు. కేజీని మీటర్లలోకి మార్చే ఆ అంకెని అక్కడ ఏమంటారో నాకు తెలీదు. తప్పు మాట వాడితే "ఈవిడకి ఇది కూడా తెలీదా" అనుకుంటారని భయం. మీటింగ్ అయిపోయింది. రోల్స్ అన్నీ మళ్లీ లెక్కపెట్టాలని తేల్చారు.

మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి హెల్పర్లిద్దరూ ఇంకా అక్కడే ఉన్నారు. అర్ధరాత్రి దాటేదాకా రోల్స్ కిందకి దించి, తూకం వేసి, మళ్లీ పైకి ఎక్కించారట. ఒకతను గోడకి ఆనుకుని నిలబడే కునికిపాట్లు పడుతున్నాడు. వాళ్ల మీద దొంగతనం అనుమానం, పైగా రాత్రంతా ఈ చాకిరీ. నేను ఒక్క మాట అని ఉంటే ఇదంతా తప్పేది. ఆ మనిషిని చూశాక నా గురించి ఎవరేమనుకుంటారన్న ఆలోచన ఎటు పోయిందో తెలీదు.

మీటింగ్ మొదలవగానే అన్నాను. "సార్, ఒక్క మాట. ఫిల్మ్ మనం కేజీల్లో కొని మీటర్లలో ఇస్తున్నాం. కేజీకి ఇన్ని మీటర్లు అని సిస్టమ్‌లో ఒక అంకె ఉంటుంది కదా, దాన్ని ఏమంటారో నాకు తెలీదు. అది పాత మందానికి పెట్టింది అయి ఉండొచ్చు. కొత్త రోల్స్ మీద 25 మైక్రాన్లు అని ఉంది." గొంతు వణికింది. చివరి ముక్కలు నాకే సరిగ్గా వినపడలేదు.

ఎవరూ నవ్వలేదు. ప్లానింగ్ చూసే ఆయన "రోల్ లేబుల్ ఎవరైనా చూశారా?" అని అడిగారు. ఒకబ్బాయి పరుగెత్తుకెళ్లి ఫోన్‌లో ఫొటో తీసుకొచ్చాడు. ఐదు నిమిషాల్లో విషయం తేలిపోయింది. నా పక్కన కూర్చున్న అకౌంట్స్ అమ్మాయి నా పెన్ను తీసుకుని, నేను వేసిన లెక్క పక్కనే "కన్వర్షన్ ఫ్యాక్టర్" అని రాసి పుస్తకం మళ్లీ నా వైపు జరిపింది.

బయటికి వస్తుంటే ప్లానింగ్ ఆయన ఆగారు. "ఇది నీకు ఎప్పుడు తట్టిందమ్మా?" అన్నారు. "నిన్ననే సార్." "మరి నిన్ననే చెప్పాల్సింది కదా." కోపంగా అనలేదు. అయినా ఆ మాట ఇప్పటికీ నాతోనే ఉంది.

కొలతల తేడా చిన్న విషయం అనుకోకండి. 1999లో నాసా వాళ్ల మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే వ్యోమనౌక అంగారకుడి దగ్గరికి చేరాక పోయింది ఇలాంటి తేడాతోనే. ఒక బృందం సాఫ్ట్‌వేర్ ఇంజిన్ల తోపుడు బలాన్ని పౌండ్ల లెక్కలో ఇస్తే, ఇంకో బృందం దాన్ని న్యూటన్ల లెక్క అనుకుని వాడుకుంది. దారిలో ఏదో తేడా ఉందని నావిగేషన్ చూసేవాళ్లకి అనుమానం వచ్చింది కూడా. కానీ ఆ అనుమానాన్ని చివరిదాకా తేల్చుకోలేదు. అంత పెద్ద చదువులు చదివినవాళ్ల మధ్యే అలా జరిగింది. అందుకే అడుగుతున్నాను, మీ నోట్లో ఆగిపోయిన మాట ఎవరికి పనికొస్తుందో మీకేం తెలుసు?

ఇప్పుడు నా బాధ ఒకటి చెప్పనివ్వండి. కొత్తగా చేరినవాళ్లకి ల్యాప్‌టాప్ ఇస్తారు, ఐడీ కార్డు ఇస్తారు, కంపెనీ విలువల గురించి రెండు గంటలు స్లైడ్లు చూపిస్తారు. అక్కడ రోజూ వాడే పొట్టి మాటల పట్టీ ఒక పేజీ ఇవ్వరు. మీటింగ్‌లో ఎవరు ఎవరో కూడా చెప్పరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్ థియేటర్ల కోసం ఒక చెక్‌లిస్ట్ తెచ్చింది. మొత్తం 19 అంశాలు. కత్తి పెట్టే ముందు గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ తమ పేరు, తాము చేసే పని చెప్పుకున్నారో లేదో చూడటం అందులో ఒకటి. ప్రాణం మీదికి వచ్చే చోటే అంత సమయం దొరుకుతుంటే, మామూలు మీటింగ్‌లో ఒక్క నిమిషం దొరకదా? కొత్తవాళ్ల బెరుకులో సగం ఆ గది పెట్టిందే.

ఇంకొకటి. నన్ను పొరపాటున తీసుకున్నారేమో అనిపించగానే "ఇంపోస్టర్ సిండ్రోమ్" అని రోగం పేరు తగిలించేస్తున్నారు. 1978లో పౌలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు సైకాలజిస్టులు దీని గురించి మొదట రాసినప్పుడు సిండ్రోమ్ అనలేదు, అదొక అనుభవం అన్నట్టే రాశారు. వాళ్లు మాట్లాడింది బాగా పైకొచ్చిన ఆడవాళ్లతో. అంటే పని బాగా వచ్చినవాళ్లకీ ఇలా అనిపిస్తుందన్నమాట. మీకు జబ్బేమీ లేదు.

అద్దం ముందు చేతులు నడుం మీద పెట్టుకుని రెండు నిమిషాలు నిలబడితే ధైర్యం వస్తుందని నాకూ ఒకరు చెప్పారు. అలాంటి భంగిమలతో హార్మోన్లు కూడా మారతాయని 2010లో 42 మందితో చేసిన ఒక పరిశోధన చెప్పింది, అక్కడి నుంచి పాకిన సలహా అది. 2015లో ఇంకొకరు 200 మందితో చేసి చూస్తే హార్మోన్లలో ఆ మార్పేమీ కనపడలేదు. మొదటి పరిశోధన ప్రధాన రచయిత్రి డేనా కార్నీయే తాను దాన్ని ఇక నమ్మడం లేదని 2016లో రాశారు. ఆ రెండు నిమిషాలు రోల్ మీద లేబుల్ చదవడానికి వాడుకోండి.

నేను చేసిందల్లా ఒక చిన్న పుస్తకం పెట్టుకోవడం. ఎడమ పక్క వాళ్ల మాట, కుడి పక్క నా పాత మాట. రోజుకి రెండు మూడు అడిగేదాన్ని, మీటింగ్ అయ్యాక, ఒకరినే పట్టుకుని. "అంటే ఏమిటి?" అని ఊరికే అడగలేదు. "మా దగ్గర దీన్ని ఇన్‌వర్డ్ స్లిప్ అనేవాళ్లం, మీరనేది అదేనా?" అని అడిగాను. అలా అడిగితే మనకు పని వచ్చన్న సంగతి ఎదుటివాళ్లకీ తెలుస్తుంది, మనకీ గుర్తొస్తుంది. నెల తిరిగేసరికి నలభై మాటలు దాటాయి. వాటిలో నాకు నిజంగా కొత్త పని ఆరో ఏడో, అంతే. మీరూ రాసి చూడండి, మీ కుడి పక్క గడులు దాదాపు అన్నీ నిండుతాయి. గొంతు వణకడం మాత్రం వెంటనే పోదు. నాకు మూడు నెలలు పట్టింది. వణుకుతూనే మాట్లాడాను.

ఒకరోజు సరుకు వాపసు ఫారం మీద మూడక్షరాల పొట్టి పేరున్న గడి ఒకటి కనపడింది. అక్కడ పన్నెండేళ్లుగా పనిచేస్తున్న సీనియర్‌ని అడిగాను. ఆయన కళ్లజోడు పైకి జరుపుకుని చాలాసేపు చూశారు. "నాకూ తెలీదమ్మా. చేరినప్పటి నుంచి ఖాళీగానే వదిలేస్తున్నా. అడిగితే ఏమనుకుంటారోనని అడగలేదు" అన్నారు. ఇద్దరం కలిసి అకౌంట్స్‌కి వెళ్లాం. వాళ్లకీ తెలీదు. తర్వాతిసారి అచ్చు వేయించినప్పుడు ఆ గడి తీసేశారు.