దేవుడు లేడన్న పాస్టర్‌ని చర్చి తీసేస్తుందా?

అది ఏ చర్చి అన్నదాన్ని బట్టి ఉంటుంది. క్యాథలిక్కుల్లో ఆఖరి మాట రోమ్‌దే. విశ్వాస విషయాల్లో పోప్ పొరబడడన్న సిద్ధాంతాన్ని ప్రశ్నించిన వేదాంతి ఫాదర్ హాన్స్ క్యుంగ్‌కి 1979లో క్యాథలిక్ వేదాంతం బోధించే అనుమతి రద్దు చేశారు. ఫాదర్‌గా మాత్రం ఉండనిచ్చారు. జర్మనీలోని ట్యూబింగెన్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ ఉద్యోగమూ పోలేదు.

ప్రొటెస్టెంట్ శాఖ అయిన కెనడా యునైటెడ్ చర్చి కథ వేరు. టొరంటో పాస్టర్ గ్రెటా వోస్పర్ తాను నాస్తికురాలినని బాహాటంగానే చెప్పారు. ఆరాధనలో ‘పరలోకమందున్న మా తండ్రీ’ అనే ప్రార్థన ఆపేసినప్పుడు సంఘంలో చాలామంది వెళ్లిపోయారు, మిగిలినవాళ్లు ఆమె పక్షానే నిలిచారు. 2016లో యునైటెడ్ చర్చి కమిటీ ఒకటి 19-4 ఓట్లతో ఆమె ఆ పదవికి తగరని తేల్చింది. ఇక ఉద్వాసనే అనుకున్నారంతా. తీరా 2018లో, తుది విచారణకు ముందే రాజీ కుదిరింది. ఆమె అదే చర్చిలో కొనసాగారు!