రాయి పాతదే, చోటు పాతదేనా?

పాకాల దగ్గర మీ నాన్నగారి పేర ఉన్న ఎకరా 80 సెంట్ల మామిడితోటను ఆనుకొని వెంచరు వేసినప్పటి నుంచి ఒక మూల హద్దురాయి మీవైపు జరిగినట్లు అనుమానంగా ఉందని, అయితే అది చూడటానికి పాత సర్వే రాయే కావడంతో ఎవరినీ నిలదీయలేకపోతున్నారని రాశారు. నేను లైసెన్సు సర్వేయరుగా పదిహేడేళ్ళుగా చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లోనే కొలతలు వేస్తున్నాను కనుక, నాకు ఎదురైన ఒక తగాదాను పట్టుకొని సమాధానం చెబుతాను. రాయి పాతదైనంత మాత్రాన అది నిలిచిన చోటు పాతది కాదు. కొత్త రాయి పాతితే చూసినవాళ్ళకు అనుమానం వస్తుందని తెలిసినవాళ్ళు, పాత రాయినే పెకలించి జరుపుతారు.

పుత్తూరు వైపు ఒక తోటలో సరిగ్గా ఇదే జరిగింది. తూర్పు గట్టు రెండు సర్వే నంబర్లకు ఉమ్మడి హద్దు; ఎఫ్.ఎం.బి. (సర్వే నంబరువారీగా హద్దుల కొలతలు రాసి ఉండే సర్కారు పటం) ప్రకారం దాని పొడవు 620 లింకులు (లింకు అంటే సర్వే గొలుసులో నూరో వంతు). నన్ను పిలిచేలోగా తోట రైతు టేపు పట్టి రెండుసార్లు కొలుచుకున్నాడు, రెండుసార్లూ సరిపోయింది. పక్క భూమి పెద్దాయన "రాయి మా తాత కాలందే సామీ, చూస్తే తెలీలేదా?" అన్నాడు. రాయి విషయంలో ఆయన చెప్పింది నిజమే. కొలత సరిపోవడంలోనూ వింత లేదు, ఎందుకంటే ఈశాన్యపు రాయిని గట్టుకు అడ్డంగా పడమటికి 14 లింకులు జరిపినా గట్టు పొడవు లింకులో ఆరో వంతుకు మించి పెరగదు. తగాదా ఉన్న గట్టునే కొలిచి ఊరుకునేవాళ్ళు ఇక్కడే మోసపోతారు.

అందువల్ల మేము ఆ గట్టును వదిలి ఉత్తరపు గట్టు కొలిచాము. ఎఫ్.ఎం.బి.లో 412 లింకులు, నేల మీద 398. నైరుతి రాయి నుంచి ఈశాన్యానికి పోయే కర్ణం కాగితంలో 744, నేల మీద 737. అప్పటికీ నేను నోరు తెరవలేదు. తొలి సర్వే నాటి గొలుసు సాగిపోయి ఉండవచ్చు, నైరుతి రాయే తప్పు చోట ఉండవచ్చు. పక్క నంబరు ఎఫ్.ఎం.బి. నకలు తెప్పించి అటువైపు ఉత్తరపు గట్టు కూడా కొలిచిన తరువాతే విషయం తేలింది. అక్కడ 505 ఉండవలసింది 519 ఉంది. కాగితంలో 412, 505 కలిపితే 917. నేల మీద 398, 519 కలిపినా 917. ఇటు తగ్గినంతా అటు పెరిగి, మొత్తం చెక్కుచెదరలేదంటే తప్పు గొలుసుది కాదు, రెండు చివరల రాళ్ళదీ కాదు, నడిమి రాయిదే. 66 అడుగుల గొలుసులో 100 లింకులు, లింకు 7.92 అంగుళాలు కనుక, 14 లింకులంటే 9 అడుగుల 3 అంగుళాలు. సెంటుకు వెయ్యి చదరపు లింకుల లెక్కన, మూలగా తరిగిపోయిన ఆ ముక్క నాలుగు సెంట్ల పైచిలుకు.

రాయి కూడా కొంత చెప్పింది. దాని మీద నేలకు పైన నాలుగు వేళ్ళ మేర ఎర్రమట్టి మరక కనిపించింది. ఆ పైభాగమంతా ఎండకు వానకు నల్లబడి ఉంది. పూర్వం భూమిలో ఉన్న భాగం ఇప్పుడు బయటపడిందన్నమాట. వానకు మట్టి కోసుకుపోయినా అలాగే కనిపిస్తుంది, కానీ అప్పుడు చుట్టూ గట్టు కూడా దిగిపోయి ఉండాలి. ఇక్కడ గట్టు నిండుగానే ఉంది. లెక్క ప్రకారం రాయి ఉండవలసిన చోట, వీఆర్వో, సర్కారు సర్వేయరు, ఇరుపక్షాలవాళ్ళు చూస్తుండగా తవ్వించాము. చుట్టూ గడ్డపార దిగని గరుసునేల, మధ్యలో మాత్రం మూరెడు వెడల్పున మెత్తటి పైమట్టి, అడుగున్నర లోతులో ఒక షాంపూ ప్యాకెట్టు. ఆ పెద్దాయన దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు గానీ, తాత మాట మళ్ళీ ఎత్తలేదు.

మీరు చేయవలసింది ఇది. మీ నంబరుకూ, ఆ మూలలో కలిసే ప్రతి నంబరుకూ ఎఫ్.ఎం.బి. నకళ్ళు తీసుకోండి. జెరాక్సు మీద స్కేలు పెట్టి దూరాలు తీయకండి, దాని మీద రాసిన అంకెలనే నమ్మండి. అనుమానం లేని రాళ్ళు కనీసం మూడింటి నుంచి ఆ మూలకు కొలవండి. ఒకే గట్టుకు రెండు చివరల రాళ్ళనూ సమానంగా జరిపితే వాటి మధ్య దూరంలో తేడా రాదు కనుక, మీ పొలం బయటి రాయి ఒకటైనా అందులో ఉండాలి. ఎఫ్.ఎం.బి.లో పాత బావి గుర్తించి ఉంటే మరీ మంచిది, బావిని ఎవరూ జరపలేరు. శాటిలైటు పటాల్లో పాత ఏళ్ళ చిత్రాలు చూస్తే గట్టు ఎప్పుడు వంగిందో తెలుస్తుంది. అయితే వాటి మీద అడుగుల లెక్క వేయకండి. అన్ని వైపులా ఒకే నిష్పత్తిలో తేడా వస్తే అది గొలుసు దోషమే. రెండు మూడు లింకుల తేడాకు నేనైతే ఎవరినీ దొంగ అనను. వెంచరువాళ్ళు ప్లాట్ల కోసం రంగు వేసి పాతుకున్న రాళ్ళు సర్వే రాళ్ళు కావు, వాటిని లెక్కలోకి తీసుకోకండి.

ఎంత కోపం వచ్చినా రాయి మీద చేయి వేయకండి. సర్కారు పాతిన హద్దురాయిని జరపడం పాత శిక్షాస్మృతి 434వ సెక్షను కింద ఏడాది వరకు జైలు పడే నేరంగా ఉండేది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ అది నేరమే. సరిచేద్దామని మీరు జరిపినా కేసు మీ మీదికే వస్తుంది. ఫొటోలు తీసి పెట్టుకుని, మీసేవలో గానీ సచివాలయంలో గానీ ఎఫ్-లైన్ అర్జీ (హద్దులు కొలిచి చూపమని కోరే అర్జీ) ఇవ్వండి. ఇరుగుపొరుగు రైతులకు నోటీసు ఇచ్చి సర్వేయరు వచ్చి కొలుస్తారు. అవతలివాళ్ళు ఒప్పుకోకపోతే సివిల్ కోర్టుకు పోవలసిందే. అక్కడ సర్వేయరును వెంటబెట్టుకొని హద్దులు చూడటానికి అడ్వకేట్ కమిషనరును వేయమని అడగవచ్చు.

మీ ఊరిలో రీసర్వే అయిందో లేదో మీరు రాయలేదు. అయి ఉంటే మీ పాత సర్వే నంబరు స్థానంలో ఎల్.పి.ఎం. (రీసర్వేలో ఒక్కో భూమికి వేసిన కొత్త పటం) నంబరు వచ్చి ఉంటుంది, మూలల స్థానాలు రోవరుతో (ఉపగ్రహాల సాయంతో స్థానం గుర్తించే పరికరంతో) నమోదై ఉంటాయి కనుక ఆ తరువాత రాయి జరిగితే పట్టుకోవడం తేలిక. రాయి జరిగిన తరువాతే రీసర్వే జరిగి, జరిగిన చోటునే హద్దుగా చూపించి ఉంటే మాత్రం చిక్కే, అప్పుడు ఎల్.పి.ఎం. కొలతలను పాత ఎఫ్.ఎం.బి. పక్కన పెట్టి చూడాలి. ఆ రెండు కాగితాల్లో మీ ఉత్తరపు గట్టు ఎంతెంత ఉందో ఇక్కడ రాస్తే, లెక్క వేసి చెబుతాను.