వంకాయ కూరలో రొయ్యపొడి వేసి లేదని చెప్పాం, ఇప్పుడు ఏం చెయ్యాలక్కా?

"అక్కా, మాది కావలి. మా ఆయనా ఇంకొకాయనా కలిసి హార్డ్‌వేర్ షాపు నడుపుతున్నారు. ఆ పార్ట్‌నర్ వాళ్ళింట్లో నీసు ముట్టరు, గుడ్డు కూడా ఇంట్లోకి రానీరు. పోయిన నెల ఒక ఆదివారం వాళ్ళని భోజనానికి పిలిచాం, ఆయనా, భార్యా, ఏడేళ్ళ బాబూ వచ్చారు. మా అత్త వంకాయ కూరలో ఎండు రొయ్యల పొడి ఒక స్పూను వేసింది, ఎప్పుడూ వేస్తది, అది లేకపోతే ఆమెకి కూర కూరే కాదు. అన్నానికి కూర్చోబోతా ఆమె 'పెద్దమ్మా, వీటిల్లో నీసేమీ లేదు గదా' అని అడిగితే మా అత్త నా వంక ఒకసారి చూసి 'అబ్బే, ఏమీ లేదమ్మా, తినండి' అనింది. నేను గ్లాసుల్లో నీళ్ళు పోస్తా నిలబడిపోయా. ఆమె మారు వడ్డించుకుని మరీ తినింది. ఇంటికి పోయిన గంటకి బాబుకి మూతి చుట్టూ ఎర్రగా దద్దుర్లు, పెదవి కాస్త వాచిందంట, డాక్టరు మాత్ర ఇస్తే తగ్గింది. వంకాయ పడలేదేమో అనుకుని వాడికి వంకాయ మానిపించారు. ఆమె ఆ కూర ఎట్టా చేశారో చెప్పమంటే నేను పొడి సంగతి మింగేసి మిగతాదంతా వాయిస్ మెసేజ్ పెట్టా. చేసుకుని తిని, 'మీ రుచి రాలేదు వదినా, ఏదో దాచారు మీరు' అని నవ్వుతా ఫోన్ చేసింది. ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు. మా ఆయన 'తిన్నారు, అయిపోయింది, ఇప్పుడు చెప్తే షాపు మూసుకోవాల్సిందే' అంటారు. అత్త 'ఏందిమే, చిటికెడు పొడికి ఇంత రాద్ధాంతమా' అంటది. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి రమ్మని పిలిచారు వాళ్ళు. ఏ మొహం పెట్టుకుని పోయేది?"

చెల్లీ, నీ ఉత్తరం మొదట చదివినప్పుడు ఇది పాపం పుణ్యం సంగతి అనుకున్నా, రెండోసారి చదివేటప్పుడు ఆ బాబు పెదవి దగ్గర ఆగిపోయా. నువ్వు దాన్ని మధ్యలో ఒక ముక్కగా రాసి దాటిపోయావు, నాకు మాత్రం నీ ఉత్తరం మొత్తంలో అదే పెద్ద విషయంగా కనపడింది, కాబట్టి ముందు అదే మాట్లాడతా, మీ అత్త సంగతీ మీ ఆయన సంగతీ తర్వాత.

రొయ్య పడని వాళ్ళు ఉంటారు. మన సముద్రం పక్కన ఊళ్ళల్లో చిన్నప్పట్నుంచీ తింటాం గదా, ఎవరికి పడదో ఇంట్లో వాళ్ళకి ఎప్పుడో తెలిసిపోయి ఉంటది, "వాడికి రొయ్య పెట్టబాకండి" అని పిన్నమ్మలు మేనత్తలు అందరూ చెప్పుకుంటారు. నీసు ముట్టని ఇంట్లో పుట్టిన పిల్లోడికి ఆ సంగతి ఎట్టా తెలుస్తది, వాడు ఎప్పుడూ తినలేదు, వాళ్ళమ్మకి అనుమానం కూడా రాదు. ఎప్పుడూ తినని వాడికి మొదటిసారే దద్దుర్లు వస్తాయా అని నువ్వు అడగొచ్చు, వస్తాయి. రొయ్యల్లో జనానికి పడని అసలు పదార్థం ట్రోపోమయోసిన్ అనే ప్రోటీను, దానికి దగ్గరగా ఉండేదే బొద్దింకల్లోనూ పరుపుల్లో దుమ్ములో ఉండే కంటికి కనపడని పురుగుల్లోనూ ఉంటది, దుమ్ము పడని పిల్లలకి ఒక్కోసారి రొయ్య కూడా పడదు, దాన్ని జన్మలో తినకపోయినా సరే. ఇంకో సంగతి, మీ అత్త "బాగా ఎండి, వేయించి, దంచిన పొడి, అందులో ఇంకేముంటది" అని అని ఉండొచ్చు, ఆ ప్రోటీను ఎండబెడితే పోదు, వేయిస్తే పోదు, ఉడికిస్తే పోదు, పడని వాళ్ళకి స్పూనులో పావు వంతు కూడా చాలు.

అట్టాగని ఇది రొయ్య పనే అని నేను చెప్పడంలా. వంకాయకి కూడా కొందరికి నోరు దురద పెడతది, మన పెద్దోళ్ళు పుండు పడినా గజ్జి లేచినా వంకాయ పెట్టొద్దంటారు గదా. ఆ కూరలో శెనక్కాయ పొడి పడి ఉంటే అదీ అనుమానించాల్సిందే, నువ్వులు పడి ఉంటే అదీ. ఏదో తేల్చాల్సింది డాక్టరు, నువ్వూ కాదు నేనూ కాదు, కానీ ఆ డాక్టరు ముందు ఇప్పుడు ఉన్న లిస్టులో రొయ్య అనే మాటే లేదు. వాళ్ళు వంకాయని దోషిని చేసి ధైర్యంగా ఉన్నారు. రేపు ఆ పిల్లోడు స్కూల్లో ఫ్రెండు డబ్బాలోంచి ఒక ముద్ద తింటాడు, బజార్లో నూడుల్స్ బండి దగ్గర అదే బాణలిలో ముందు రొయ్యలు వేయించి ఉంటారు, పెద్దయ్యాక హాస్టల్‌కి పోతాడు. మొదటిసారి పెదవి వాపుతో పోయింది గదా అని రెండోసారీ అంతే ఉంటదని ఎవరూ రాసివ్వలేరు, గొంతు బిగుసుకుని ఊపిరి అందకపోవడం, వాంతులు, కళ్ళు తిరిగి పడిపోవడం కూడా ఉంటాయి ఈ ఎలర్జీల్లో, అప్పుడు మాత్రలూ మజ్జిగా అని కూర్చోకుండా 108 కి ఫోన్ చేయాల్సిందే. అందుకే అంటున్నా, చెప్పాలా వద్దా అనే ప్రశ్న ఆ బాబు మూతి ఎర్రబడిన గంటలోనే అయిపోయింది, ఎప్పుడు ఎట్టా అనేదే మిగిలింది.

ఒకవేళ బాబుకి ఏమీ కాకుండా ఉంటే నువ్వు చెప్పాల్సిన పని లేదా అంటే, ఉంది, కాకపోతే నీకు ఒక వారం ఎక్కువ టైమ్ ఇచ్చేదాన్ని.

ఇప్పుడు మీ అత్త. నాకు ఆమె మీద కోపం రాలేదు, నిజం చెప్తున్నా. జువ్వలదిన్నె వైపు నుంచి తట్టలో ఎండు రొయ్యలు ఇంటి ముందుకొచ్చే ఊళ్ళల్లో పెరిగినామెకి ఆ పొడి ధనియాల పొడీ జీలకర్ర పొడీ లాంటిది, సొరకాయలో వేస్తారు, చుక్కకూరలో వేస్తారు, గోంగూరలో వేస్తారు, "రొయ్యల కూర చేశాం" అని ఎవరూ అనరు, కూర పేరు వంకాయ కూరే. కాబట్టి వెయ్యడం వరకు అలవాటు, వాళ్ళొస్తున్నారని గుర్తు పెట్టుకోలేదు అనుకుందాం. కానీ అడిగినప్పుడు నీ వంక చూసిందని నువ్వే రాశావు, ఆ చూపు ఉంది గదా, ఆమెకి తెలుసు. తెలిసీ ఎందుకు లేదనిందంటే, విస్తళ్ళు పరిచాక చుట్టాలు లేచి పోతారేమోనని భయం, పొద్దున ఐదింటి నుంచి పొయ్యి దగ్గర నిలబడి చేసింది అంతా పక్కకి తోసేస్తారని బాధ, తన చేతి వంట తినకుండా ఎవరూ పోకూడదనే ఒక రకం పట్టుదల. మన ఆడోళ్ళకి, ముఖ్యంగా ఆ వయసు వాళ్ళకి, ఇంట్లో మాట చెల్లే చోటు వంటిల్లు ఒక్కటే గదా. ఆ క్షణంలో "అయ్యో, ఆ ఒక్క కూర పక్కన పెట్టండమ్మా, దాంట్లో రొయ్యపొడి పడింది, పప్పూ చారూ పచ్చడీ ఉన్నాయి" అని ఉంటే ఐదు నిమిషాల మొహమాటంతో పోయేది.

నేను మాత్రం ఏం తక్కువ తినలా ఈ విషయంలో. చాలా ఏళ్ళ కిందట ఒంగోల్లో మేం అద్దెకున్నప్పుడు పక్క పోర్షన్ ఆయన అయ్యప్ప మాల వేసుకున్నాడు, నలభై ఒక్క రోజుల దీక్ష, ఉల్లీ వెల్లుల్లీ లేకుండా తింటాడు. ఒకరోజు వాళ్ళావిడ ఊరికి పోతే మా ఇంట్లో భిక్ష పెడతానని గొప్పగా పిలిచా, సాంబారు చేశాక గుర్తొచ్చింది చిన్న ఉల్లిపాయలు వేశానని, టైమ్ లేదు, గరిటెతో ఏరి ఏరి తీసేశా, "ఉల్లి లేదు గదా అమ్మా" అంటే "లేదు స్వామీ" అన్నా, గిన్నెలో లేదు గదా అని నాకు నేను సమాధానం చెప్పుకున్నా. రెండు రోజులు కూడా ఆగలేకపోయా, పోయి చెప్పా. ఆయన ఏమీ అనలా, లోపలికి పోయి తలకి పోసుకుని వచ్చి గుడికి పోయాడు, ఆ తర్వాత ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లో మంచినీళ్ళు తప్ప ఇంకేమీ తీసుకోలా. నాకు బాధేసింది, కానీ ఆయనకి ఆ హక్కు ఉంది. ఇది ఎందుకు చెప్తున్నానంటే, చెప్పగానే ఆమె నిన్ను కావలించుకుని "పర్లేదు వదినా" అంటదని ఆశ పెట్టుకుని ఫోన్ చెయ్యొద్దు, అనొచ్చు, అనకపోవచ్చు.

కొన్న ప్యాకెట్ మీద అయితే పచ్చచుక్క ఉంటది, నీసుంటే గోధుమరంగు త్రికోణం ఉంటది, రొయ్యా పీతా, చేపా, గుడ్డూ, పాలూ, శెనక్కాయలూ, సోయా, గోధుమా లాంటివి ఉంటే ఎలర్జీ వాళ్ళ కోసం విడిగా రాయాలని రూలు కూడా ఉంది. మనింట్లో గిన్నె మీద ఏ చుక్కా ఉండదు, వడ్డించే మనిషి నోటి మాట చూసే తింటారు. ఆమె అందుకే అడిగింది, అడగాల్సిన పద్ధతిలోనే అడిగింది, పాపం ఇంకేం చేయగలదు, గిన్నె కలిపి చూస్తదా?

మీ ఆయన షాపు గురించి భయపడటం నాకు అర్థమవుతోంది. కానీ లెక్క సరిగ్గా వేయమను. ఈ సంగతి మీ ముగ్గురికి తెలుసు, పనిమనిషి ఉంటే నలుగురికి, ఆ పొడి దంచింది ఎవరు, గిన్నె తోమింది ఎవరు. ముగ్గురికి తెలిసింది కావలి బజార్లో ఎన్నాళ్ళు ఆగుద్ది. రేపు ఇంకో నోటి నుంచి వింటే "ఒక్క కూర దగ్గరే ఇట్టా ఉంటే లెక్కల పుస్తకం దగ్గర ఎట్టా ఉన్నారో" అనే మాట ఆ పార్ట్‌నర్‌కి రాకుండా ఉంటదా. మీరే చెప్తే కోపం వస్తది, కొన్నాళ్ళు మాటలు తగ్గుతాయి, అది మీ ఆయన చేసిన తప్పు కూడా కాదు, ఆయనకి ముందు తెలుసా లేదా నువ్వు రాయలేదు. ఆయన ఒప్పుకునే దాకా ఆగమని మాత్రం నేను చెప్పను. ఫోన్ చేస్తున్నానని ఆయనకి చెప్పు, పర్మిషన్ అడగబాకు.

ముందు అత్తతో మాట్లాడు, రాత్రి అన్నాలయ్యాక, ఆయన లేకుండా. "నువ్వు అబద్ధం చెప్పావు" అని మొదలు పెట్టావంటే ఆమె తలుపేసుకుంటది. "అత్తా, ఆ బాబుకి పెదవి వాచింది గదా, అది రొయ్య వల్లనేమోనని నాకు భయంగా ఉంది, వాళ్ళమ్మకి చెప్పకపోతే రేపు ఎక్కడైనా తిని ఏమన్నా అయితే మనకే చుట్టుకుంటది, నేను రేపు ఫోన్ చేస్తున్నా, నువ్వు మాట్లాడతానంటే నీకిస్తా" అని చెప్పు. పిల్లోడి మాట వచ్చేసరికి ఆమె మెత్తబడొచ్చు, మనవళ్ళని ఎత్తుకున్న చేతులే గదా అవి. మెత్తబడకపోయినా నువ్వు ఆగబాకు.

ఫోనే చెయ్యి, వాట్సాప్ వద్దు, అది స్క్రీన్‌షాట్ తీసి పది మందికి పోతది, పైగా నీ గొంతులో ఉన్నది ఆమెకి వినపడదు. పొద్దున పిల్లోడు స్కూలుకి పోయాక, ఆమె ఒక్కతే ఉన్నప్పుడు చెయ్యి. ముందు బాబు సంగతి చెప్పు, దీక్షలూ ఆచారాలూ తర్వాత. "వదినా, ఒక మాట దాచాను, నీతో చెప్పాలి. ఆ రోజు వంకాయ కూరలో ఎండు రొయ్యల పొడి పడింది. నువ్వు అడిగినప్పుడు లేదని చెప్పాం, నేను పక్కనే ఉండి నోరు తెరవలేదు, వంట చెప్పమన్నప్పుడు కూడా దాచాను. బాబుకి వచ్చింది వంకాయ వల్ల కాకపోవచ్చు, డాక్టరుకి ఈ సంగతి చెప్పు, ఆ రోజు కూరల్లో పడినవన్నీ నేను రాసిస్తా" అంటే చాలు. "మా అత్తే వేసింది" అని ఆమె మీదకి తోసెయ్యొద్దు, అట్టాగని నేనే వేశానని ఇంకో అబద్ధం కూడా వద్దు, అడిగితే ఉన్నది చెప్పు. అన్నీ రాసి పెట్టుకో ముందే, నూనె దగ్గర్నుంచి ఇంగువ దాకా, ఎన్ని గంటలకి తిన్నారో కూడా. చర్మం మీద చుక్క వేసి చూసే టెస్టూ, రక్తం టెస్టూ ఉన్నాయి, అవి ఎలర్జీ చూసే డాక్టరు దగ్గర చేయిస్తారు, ఇంట్లో కొంచెం పెట్టి చూద్దాం అని మాత్రం ఎవరూ అనకుండా చూడమను.

ఒక్క మాట మాత్రం నీ నోటి వెంట రానీయకు, "తెలియక తింటే దోషం లేదులే వదినా" అని. అది నిజమే కావొచ్చు, వాళ్ళ ఇంట్లో పెద్దోళ్ళో గుడి పూజారో చెప్పాల్సిన మాట అది, తినిపించిన వాళ్ళు చెప్తే చాలా చెడ్డగా ఉంటది. ఆమె ఏడిస్తే ఏడవనీ, తిడితే విను, ఫోన్ పెట్టేస్తే మళ్ళీ మళ్ళీ చేయబాకు, ఆ లిస్టు మాత్రం పంపు.

ఇక ముందు ఎవరినన్నా భోజనానికి పిలిస్తే మీరు ఏమేం తినరు, ఏది పడదు అని పిలిచేటప్పుడే అడుగు. కేకులో గుడ్డు, జెల్లీలో జెలటిన్, బజారు ఇంగువలో గోధుమపిండి, గుత్తి వంకాయలో శెనక్కాయలు, ఇవేవీ కంటికి కనపడవు. ఆ రొయ్యల పొడి సీసా తీసి మసాలాల వరస నుంచి వేరే అరలో పెట్టు, దాని స్పూను దానికే ఉంచు. మీ అత్తకి చేతి వాటం ఉంటది గదా, చీకట్లో కూడా డబ్బా అందుకుంటది.

వరలక్ష్మీ వ్రతానికి పిలిచారన్నావు, ఆ శుక్రవారం దాకా లాగొద్దు, ఫోన్ ఈ వారమే చెయ్యి. వాళ్ళింట్లో పీట మీద కూర్చుని వాయినం తీసుకుని వచ్చాక చెప్పావంటే అది ఆమెకి రెండోసారి మోసపోయినట్టు ఉంటది. ఫోన్ చేశాక కూడా రమ్మంటే పో, పిలుపు ఊసెత్తకపోతే ఆ రోజు ఇంట్లోనే దీపం పెట్టుకో.