ఇంటి కాగితాల కన్నా ముందు ఆఫర్ లెటర్ తియ్యండి

ప్రశ్న: మాది కాకినాడ. మా అమ్మాయి బీఎస్సీ అయింది. కోరింగ మడ అడవుల్లో ప్రాజెక్టు చేసినప్పటి నుంచి పర్యావరణ జీవశాస్త్రమే చదువుతానంటోంది. అమెరికాలో రెండేళ్ల ఎంఎస్‌కి సీటొచ్చింది, ఖర్చు 30 లక్షలు. ఇల్లు తాకట్టు పెడితే బ్యాంకు 11 శాతం వడ్డీకి ఇస్తానంది. పాండిచ్చేరి యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఎకాలజీ సీటు కూడా ఉంది. మావారికి ఇంకా నాలుగేళ్లే సర్వీసు. బాబు ఇంటర్ చదువుతున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు లెక్క చూద్దాం. ఏడాదికి 15 లక్షల చొప్పున తీసుకుని, చదువయ్యాక ఇంకో ఏడాది దాకా వాయిదాలు కట్టకుండా ఉంటే, ఆ మూడేళ్లలో వడ్డీయే 8 లక్షలు దాటుతుంది. కట్టడం మొదలుపెట్టే నాటికి బాకీ 38 లక్షల పైమాటే. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 52,700. అది మొదలైన ఏడాదికే మీవారు రిటైరవుతారు, బాబు డిగ్రీలో ఉంటాడు.

అక్కడ ఉద్యోగం వస్తే అదెంత అంటారేమో. కంప్యూటర్ చదువులకైతే నేనూ ఒకప్పుడు అలాగే చెప్పేవాణ్ణి. ఇది వేరు. అడవులు, చేపలు, నీటి నాణ్యత చూసే కొలువుల్లో చాలా భాగం ప్రభుత్వానివే. ఫెడరల్ (అక్కడి కేంద్ర ప్రభుత్వ) ఉద్యోగాలు దాదాపుగా ఆ దేశ పౌరులకే ఇస్తారు. ఓపీటీ (చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే పనిచేసే అనుమతి) మీద మూడేళ్ల దాకా పనిచేయొచ్చు, నిజమే. ఆ తర్వాత వీసా ఇప్పించే కంపెనీని అమ్మాయే వెతుక్కోవాలి.

ఇంకో సంగతి. ఈ సబ్జెక్టులో థీసిస్ (సొంత పరిశోధన) చేసే ఎంఎస్, పీహెచ్‌డీ విద్యార్థులు చాలామంది సొంత డబ్బుతో చదవరు. ప్రొఫెసర్‌కొచ్చే పరిశోధన గ్రాంటు నుంచో, జూనియర్లకు ల్యాబ్ క్లాసులు చెప్పినందుకో ఫీజు మాఫీ, స్టైపెండ్ వస్తాయి. అందుకే యూనివర్సిటీ ర్యాంకు కన్నా గైడ్ ముఖ్యం. ఆయన దగ్గర డబ్బుందా లేదా అన్నది ఇంకా ముఖ్యం.

మీ అమ్మాయికొచ్చిన లెటర్ తీసి చదవండి. ‘అసిస్టెంట్‌షిప్’ (ఇందాక చెప్పిన పనీ, స్టైపెండూ) అన్న మాట ఎక్కడా లేకపోతే వాళ్లిచ్చింది సీటు మాత్రమే. ఉంటే, స్టైపెండ్ తొమ్మిది నెలలకా, పన్నెండు నెలలకా? తొమ్మిదికే అయితే వేసవిలో అద్దె ఎవరు కడతారు? హెల్త్ ఇన్సూరెన్స్ వాళ్లదేనా? రెండో ఏడాదికి కూడా రాసిచ్చారా? నా దగ్గరికొచ్చిన ఓ కుర్రాడి లెటర్‌లో ట్యూషన్ మాఫీ మొదటి పేరాలోనే ఉంది. మిగతా ఫీజులన్నీ విద్యార్థివే అన్న ముక్క మూడో పేజీలో ఉంది. వాళ్ల నాన్న అంతదాకా చదవనే లేదు.

నేనైతే పాండిచ్చేరి అంటాను. అక్కడ రెండేళ్ల ఫీజు, హాస్టల్ కలిపినా మీరు చెప్పిన ఖర్చులో చిన్న భాగమే అవుతుంది. ఎమ్మెస్సీ చదువుతూనే యూజీసీ నెట్‌లో పర్యావరణ శాస్త్రాలో, సీఎస్ఐఆర్ నెట్‌లో లైఫ్ సైన్సెస్సో రాయొచ్చు. ఆ పరీక్షల్లో జేఆర్ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) వచ్చి పీహెచ్‌డీలో చేరితే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000, ఇంటద్దె అలవెన్సు వేరే. అమెరికా ఆశ ఉంటే ఈ రెండేళ్లలో మడ అడవుల మీద పనిచేసే ప్రొఫెసర్లకు మెయిల్స్ రాయమనండి. ఆ ల్యాబ్‌ల్లో ఇప్పుడున్న విద్యార్థులతోనూ మాట్లాడి, ఎవరికెంత వస్తోందో మొహమాటం లేకుండా అడగమనండి. ఎమ్మెస్సీ థీసిస్ చేతిలో ఉంటే నేరుగా స్టైపెండ్‌తో పీహెచ్‌డీకి వెళ్లొచ్చు.

ఈలోగా అమెరికా సీటును ఏడాది వాయిదా వేస్తారేమో అడగండి, అడిగితే పోయేదేం లేదు. రేపు ఫీజు మాఫీ వచ్చి, టికెట్‌కీ మొదటి నెలల ఖర్చుకీ మాత్రమే డబ్బు కావాల్సి వస్తే, 7.5 లక్షల దాకా ప్రభుత్వ బ్యాంకులు తాకట్టు లేకుండానే విద్యా రుణం ఇస్తాయి. మీవారు పాత పన్ను విధానంలో ఉంటే ఆ వడ్డీకి ఎనిమిదేళ్ల దాకా ఆదాయపు పన్నులో మినహాయింపూ ఉంటుంది.

ఇంటి కాగితాలు బ్యాంకుకు ఇంకా ఇవ్వలేదనుకుంటాను. బీరువాలోనే ఉంచండి. పాండిచ్చేరిలో ఫీజు కట్టే గడువు ఎప్పుడో ఇవాళే చూసుకోండి.