స్టాండర్డ్ లైసెన్సుతో ఐదు వర్చువల్ మెషీన్లు నడపవచ్చా?

గాజువాకలోని మీ కార్యాలయ సర్వర్‌లో 12 కోర్ల ప్రాసెసర్లు రెండు ఉన్నాయనీ, ఆ 24 కోర్లకు విండోస్ సర్వర్ స్టాండర్డ్ కొన్నాక ఐదు వర్చువల్ మెషీన్లు (ఒకే సర్వర్ లోపల విడి కంప్యూటర్లలా పనిచేసేవి) నడపవచ్చా అనీ అడిగారు. నడపకూడదండీ. మీరు కొన్న పద్ధతిలో లెక్క భౌతిక కోర్లది; అన్ని కోర్లకూ ఒకసారి లైసెన్సు తీసుకుంటే రెండు విండోస్ మెషీన్లకే హక్కు వస్తుంది కాబట్టి, ఐదింటికి మూడుసార్లు, అంటే 72 కోర్లకు తీసుకోవాలి. అయితే ఆ ఐదింటిలో మీ బ్యాకప్ మెషీన్ ఉబుంటూ అన్నారు కదా, అది విండోస్ కాదు, లినక్స్ కాబట్టి దానికి ఈ లైసెన్సు అక్కర్లేదు. మిగిలిన నాలుగింటికి 48 కోర్లు చాలు. హోస్టు మీద, అంటే ఈ మెషీన్లను మోసే అసలు సర్వర్ మీద, వాటిని నడిపే హైపర్-వి తప్ప ఫైల్ షేరింగ్ వంటివి పెట్టకండి, పెడితే అదీ ఒక మెషీన్‌గా లెక్కకొస్తుంది. మెషీన్లు బాగా పెరిగేలా ఉంటే, సంఖ్యకు పరిమితి లేని డేటాసెంటర్ ఎడిషన్ ధర కూడా అడిగి చూడండి. సిబ్బందికి గానీ పరికరాలకు గానీ క్యాల్‌లు, అంటే సర్వర్‌ను వాడుకునే హక్కునిచ్చే లైసెన్సులు, విడిగా కొనాలి. కొటేషన్లలో తరచూ జారిపోయేది ఇదే.